చాపర్ యాంప్లిఫయర్‌కి పీనాయిస్ సెటప్: రొయ్యల కాటా లెక్కతో

ఆకివీడు, కైకలూరు, భీమవరం వైపు రొయ్యల పట్టుబడి జరిగేటప్పుడు చెరువు గట్టు మీద పెట్టే ఎలక్ట్రానిక్ కాటాని ఉదాహరణగా తీసుకుని, చిన్న సిగ్నల్‌ని స్విచ్‌లతో అటూ ఇటూ తిప్పి పెంచే చాపర్ యాంప్లిఫయర్ నాయిస్‌ని సిమ్యులేటర్‌లో పీనాయిస్ (పీరియాడిక్ నాయిస్ ఎనాలిసిస్)తో ఎలా చూడాలో చెప్పుకుందాం. లోపల 60 కిలోల లోడ్ సెల్ (బరువుని వోల్టేజీగా మార్చే సెన్సర్), వోల్టుకి 2 మిల్లీవోల్టుల రకం, దానికిచ్చే సప్లై అంటే ఎక్సైటేషన్ 5 వోల్టులు. కాటా నిండా బరువు పెట్టినా వచ్చేది 10 మిల్లీవోల్టులే. 10 గ్రాముల మెట్టు చూపించాలంటే ఆ 10 మిల్లీవోల్టుల్ని 6000 భాగాలు చెయ్యాలి. ఒక్కో మెట్టు 1.67 మైక్రోవోల్టులు.

దీనికి మామూలు సీమాస్ యాంప్లిఫయర్ పెట్టామనుకోండి. థర్మల్ నాయిస్ రూట్ హెర్ట్జ్‌కి 20 నానోవోల్టులు, ఫ్లికర్ కార్నర్ (ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ పెరిగే ఫ్లికర్ నాయిస్ థర్మల్‌తో సమానమయ్యే చోటు) 5 కిలోహెర్ట్జ్, ఆఫ్‌సెట్ (ఇన్‌పుట్ సున్నా అయినా ఉండే తేడా) 5 మిల్లీవోల్టులు. 0.1 నుంచి 10 హెర్ట్జ్ దాకా ఫ్లికర్ నాయిస్‌ని కూడితే సుమారు 3 మైక్రోవోల్టుల ఆర్‌ఎంఎస్ వస్తుంది. పీక్ టు పీక్ కోసం 6.6తో గుణిస్తే 20 మైక్రోవోల్టులు, అంటే 12 మెట్లు. కాటా మీద బరువు కదలకపోయినా డిస్‌ప్లే 120 గ్రాముల మేర ఊగుతూనే ఉంటుంది. ఆఫ్‌సెట్ సంగతి డిస్‌ప్లేని సున్నా చేసే టేర్ బటన్ చూసుకుంటుంది గానీ, అది డిగ్రీకి 5 మైక్రోవోల్టుల చొప్పున జరిగితే డిగ్రీకి 30 గ్రాములు తేడా. తెల్లవారుజామున టేర్ చేసి ఎండెక్కాక తూస్తే ఆ తేడా ఎవరి లెక్కలో పడుతుందో రైతుకి వేరే చెప్పక్కర్లేదు.

అందుకే చాపింగ్. ఇన్‌పుట్ చాపర్ (క్లాక్‌తో ప్లస్ మైనస్ తీగల్ని అటూ ఇటూ మార్చే స్విచ్‌లు) సిగ్నల్‌ని 20 కిలోహెర్ట్జ్‌కి ఎత్తుతుంది, యాంప్లిఫయర్ అక్కడ దాన్ని పెంచుతుంది, అవుట్‌పుట్ చాపర్ మళ్ళీ కిందికి దింపుతుంది. మధ్యలో చేరిన ఆఫ్‌సెట్, ఫ్లికర్ మాత్రం ఒక్కసారే చాప్ అవుతాయి కాబట్టి అవి 20 కిలోహెర్ట్జ్‌కి, దాని బేసి హార్మోనిక్స్‌కి వెళ్ళిపోతాయి. సూత్రం ఇంతే. సిమ్యులేటర్‌తో దీన్ని నిరూపించడం దగ్గరే చిక్కంతా.

మామూలు నాయిస్ ఎనాలిసిస్ ఒక డీసీ ఆపరేటింగ్ పాయింట్ దగ్గర సర్క్యూట్‌ని లీనియర్ చేసి లెక్క కడుతుంది. దాని దృష్టిలో క్లాక్ ఒకే ఫేజులో ఆగిపోయి ఉంటుంది, స్విచ్‌లు కదలవు. చాపింగ్ ఎంత బాగా డిజైన్ చేసినా ఫ్లికర్ మొత్తం గ్రాఫులో అలాగే కనబడుతుంది. ట్రాన్సియెంట్ నాయిస్ నిజమే చెబుతుంది గానీ, 0.1 హెర్ట్జ్ చూడాలంటే ఒక్కో రికార్డు 10 సెకన్లు, అంటే 2 లక్షల చాప్ సైకిళ్ళు. సగటు కోసం 20 రికార్డులు తీస్తే 40 లక్షల సైకిళ్ళు. ట్రాన్సిస్టర్ లెవెల్లో అది జరిగే పని కాదు. కాబట్టి కేడెన్స్ వాళ్ళ సిమ్యులేటర్ స్పెక్టర్‌లో పీఎస్‌ఎస్ (పీరియాడిక్ స్టెడీ స్టేట్)తో ఒక పీరియడ్ తాలూకు స్థిరమైన వేవ్‌ఫామ్ కనుక్కుని, దాని మీద పీనాయిస్ నడపాలి. అప్పుడు ప్రతి క్షణంలో స్విచ్‌లు ఎటున్నాయో లెక్కలోకి వస్తుంది.

పీనాయిస్‌తో ఒక ఇబ్బంది ఉంది. సెటప్ తప్పుగా ఉన్నా ఎర్రర్ ఇవ్వదు, నున్నటి గ్రాఫే గీసిస్తుంది. అందుకని రన్ బటన్ నొక్కకముందే జవాబు ఎంత రావాలో కాగితం మీద వేసి పెట్టుకోవాలి.

ఆ లెక్క చిన్నదే. ప్లస్ 1, మైనస్ 1 మధ్య ఊగే స్క్వేర్ వేవ్‌లో బేసి హార్మోనిక్‌ల పవర్ వాటా: మొదటిది, ప్లస్ మైనస్ రెండు వైపులా కలిపి, 81.1 శాతం. మూడోది 9, అయిదోది 3.2, ఏడోది 1.65, తొమ్మిదోది 1 శాతం. థర్మల్ నాయిస్ అన్ని ఫ్రీక్వెన్సీల్లో ఒకటే కాబట్టి, ఎక్కడెక్కడి నుంచి మడతపడి వచ్చినా మొత్తం మళ్ళీ 100 శాతమే, 20 నానోవోల్టులే. ఫ్లికర్‌లో బేస్‌బ్యాండ్‌కి (అసలు సిగ్నల్ ఉండే కింది ఫ్రీక్వెన్సీలకి) దిగేది చాప్ ఫ్రీక్వెన్సీ, దాని 3, 5 రెట్ల దగ్గర మిగిలిన ముక్కలు. వాటిని కూడితే థర్మల్ పవర్ మీద 0.85 ఇంటూ కార్నర్ బై చాప్ ఫ్రీక్వెన్సీ అంత అదనం. మన అంకెల్లో 0.85 ఇంటూ 5 బై 20, అంటే 21 శాతం. వోల్టేజీలో 10 శాతం, కాబట్టి గ్రాఫు 22 నానోవోల్టుల దగ్గర చదునుగా ఉండాలి. 10 హెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌కి 0.46 మైక్రోవోల్టుల పీక్ టు పీక్, మెట్టులో మూడో వంతు కన్నా తక్కువ. చాప్ ఫ్రీక్వెన్సీని కార్నర్‌తో సమానంగా పెడితే ఈ అదనం 85 శాతానికి ఎక్కుతుంది. 20 కిలోహెర్ట్జ్ ఎంచుకున్నది అందుకే. అంతకన్నా పైకి వెళ్తే చార్జ్ ఇంజెక్షన్ (స్విచ్ మారినప్పుడల్లా చిమ్మే చార్జ్) వల్ల మిగిలే ఆఫ్‌సెట్ పెరుగుతుంది.

ఇక పీఎస్‌ఎస్. దాని రెండు ఇంజిన్లలో టైమ్‌లో లెక్కగట్టే షూటింగ్ తీసుకోండి. చాపర్‌లో అంచులు నిలువుగా ఉంటాయి కాబట్టి హార్మోనిక్‌లుగా విడగొట్టి లెక్కగట్టే రెండోదానికి, అంటే హార్మోనిక్ బ్యాలన్స్‌కి, ఇది అనువైన సర్క్యూట్ కాదు. బీట్ ఫ్రీక్వెన్సీ, అంటే సర్క్యూట్ మొత్తం మళ్ళీ మొదటికొచ్చే రేటు, 20 కిలోహెర్ట్జ్. సర్క్యూట్‌లో ఇంకో క్లాక్ ఉంటే రెండిటి గసాభా పెట్టాలి. రిపుల్ (చాప్ అయిన ఆఫ్‌సెట్ అవుట్‌పుట్‌లో వేసే అల) తగ్గించే నాచ్ ఫిల్టర్ 10 కిలోహెర్ట్జ్ మీద నడుస్తుంటే బీట్ 10 అవుతుంది. సైడ్‌బ్యాండ్‌లు (నాయిస్ మడతపడి వచ్చే బీట్ గుణిజాలు, ఎన్నిటిని చూడాలో పీనాయిస్‌కి మనమే చెప్పాలి) కూడా బీట్ లెక్కనే గనక, అప్పుడు 19 సైడ్‌బ్యాండ్‌లు అడిగితే 190 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. 20 ఇంటూ 19 అనుకుని కూర్చుంటే సగం దారిలో ఉన్నట్టు.

ఇన్‌పుట్‌లో సైన్ వేవ్ పెట్టొద్దు. 10 హెర్ట్జ్ సైన్ పెట్టారంటే బీట్ 10 హెర్ట్జ్‌కి పడిపోతుంది, పీరియడ్‌లో 2000 చాప్ సైకిళ్ళు వచ్చి చేరతాయి, సాయంత్రానికి కూడా తెమలదు. ఇన్‌పుట్ సోర్స్ డీసీగానే ఉంచి, లోడ్ సెల్ కామన్ మోడ్ 2.5 వోల్టులు, అవతల ఇవతల 175 ఓమ్‌లు ఇవ్వండి. మొత్తం 350 ఓమ్‌ల బ్రిడ్జి నాయిస్ 2.4 నానోవోల్టులే, 20 పక్కన లెక్కలోకి రాదు. గెయిన్ కావాలంటే పీఏసీ (పీఎస్‌ఎస్ మీద నడిచే ఏసీ ఎనాలిసిస్) నడపాలి.

ఎర్రర్ ప్రీసెట్ కన్జర్వేటివ్. టీస్టాబ్‌లో (షూటింగ్‌కి ముందు నడిచే ట్రాన్సియెంట్ వ్యవధి) బయాస్ సర్క్యూట్ లేచి నిలబడేంత సమయం ఇవ్వండి, 20 నుంచి 50 సైకిళ్ళు సరిపోవచ్చు. చివర 10 హెర్ట్జ్ ఆర్‌సీ ఫిల్టర్ ఉంటే దాని టైమ్ కాన్‌స్టెంట్ 16 మిల్లీసెకన్లు, 320 సైకిళ్ళు. అంతసేపు ఆగక్కర్లేదు. నెమ్మదైన లీనియర్ భాగాన్ని షూటింగ్ తనే ఒకటి రెండు ఇటరేషన్లలో సర్దుకుంటుంది. అసలు ఆ ఫిల్టర్‌ని టెస్ట్‌బెంచ్ నుంచి తీసేసి, పీనాయిస్ గ్రాఫు మీద దాని ప్రభావాన్ని చేత్తో వేసుకోవడమే మేలు. ఎక్కడేం జరుగుతోందో కనబడుతుంది.

ఇప్పుడు క్లాక్ సోర్స్. చాలామంది దాటేసి వెళ్ళిపోయే చోటు ఇది, కాస్త ఆగి చూడాలి. వీపల్స్ అనే పల్స్ సోర్స్‌లో పల్స్ విడ్త్ అంటే పైన చదునుగా ఉండే భాగం ఒక్కటే. రైజ్, ఫాల్ దాంట్లో కలవవు. పీరియడ్ 50 మైక్రోసెకన్లు కదా అని విడ్త్ 25 అని కొట్టి, రైజ్ ఫాల్ చెరో 100 నానోసెకన్లు ఇస్తే, సగం ఎత్తు దగ్గర కొలిచిన పల్స్ 25.1 మైక్రోసెకన్లు. రెండో ఫేజుని ఇన్వర్టర్‌తో తీస్తే డ్యూటీ 50.2 శాతం. ఆ 0.2 శాతం స్క్వేర్ వేవ్‌లో డీసీ భాగంగా తేలుతుంది, విలువ 0.004. అంటే యాంప్లిఫయర్ ఆఫ్‌సెట్ 5 మిల్లీవోల్టుల్లో 20 మైక్రోవోల్టులు, 12 మెట్లు, చాపింగ్‌ని తప్పించుకుని నేరుగా అవుట్‌పుట్‌కి వస్తాయి. ఫ్లికర్ కూడా అంతే. 0.004 వర్గం చూడటానికి చిన్నదే, మిలియన్‌లో 16 వంతులు. కానీ 0.01 హెర్ట్జ్ దగ్గర ఫ్లికర్ థర్మల్ కన్నా 5 లక్షల రెట్లు ఉంటుంది. గుణిస్తే 8. గ్రాఫు 0.1 హెర్ట్జ్ కింద మళ్ళీ పైకి లేస్తుంది, మీరేమో యాంప్లిఫయర్‌ని అనుమానిస్తారు. విడ్త్‌ని 24.9 చెయ్యండి, లేచిన తోక పోతుంది. అసలు సర్క్యూట్‌లో అయితే 40 కిలోహెర్ట్జ్ క్లాక్‌ని ఫ్లిప్‌ఫ్లాప్‌తో రెండుగా భాగించి 50 శాతం తెస్తారు. ఆ డివైడర్ సిమ్యులేషన్‌లో ఉంటే బీట్ మాత్రం 20 కిలోహెర్ట్జ్ అనే ఇవ్వాలి, 40 కాదు. ఫ్లిప్‌ఫ్లాప్‌కి ఇనీషియల్ కండిషన్ కూడా ఇవ్వాలి.

ఆఫ్‌సెట్ పెట్టడం మరవొద్దు. స్కీమాటిక్‌లో రెండు వైపులా అచ్చు ఒకేలా ఉంటాయి కాబట్టి సిమ్యులేటర్‌కి ఆఫ్‌సెట్ సున్నా. ఇన్‌పుట్ చాపర్ తర్వాత, యాంప్లిఫయర్ గేటుకి ముందు 5 మిల్లీవోల్టుల డీసీ సోర్స్ ఇరికించండి. గెయిన్ 100 అయితే అవుట్‌పుట్ చాపర్ తర్వాత ప్లస్ మైనస్ అర వోల్టు స్క్వేర్ వేవ్ కనబడాలి. స్వింగ్ చాలక అది పైన కింద తెగిపోతోందంటే ఆపరేటింగ్ పాయింటే తప్పు, దాని మీద వచ్చిన పీనాయిస్‌కి విలువ లేదు. పీఎస్‌ఎస్ అయ్యాక ముందు ఈ వేవ్‌ఫామ్ చూడాలి, తర్వాతే మిగతావి.

పీఎస్‌ఎస్ కన్వర్జ్ కాకపోతే చూడాల్సినవి రెండు మూడే. వెరిలాగ్ ఏ అనే మోడల్ భాషలో రాసిన క్లాక్ జనరేటర్ గానీ కంపారేటర్ గానీ లోపల వేరియబుల్‌లో స్థితి దాచుకుంటే హిడెన్ స్టేట్ అని మొరాయిస్తుంది. దాని బదులు వీపల్స్ లేదా ట్రాన్సిస్టర్ గేట్లు పెట్టండి. రిపుల్ లూప్‌లో లీకేజీ లేని ఐడియల్ ఇంటిగ్రేటర్ ఉంటే డీసీ ఎక్కడ నిలవాలో తెలియక తిరుగుతూనే ఉంటుంది. దానికి పెద్ద రెసిస్టర్ ఒకటి సమాంతరంగా వేసి, ఆ రెసిస్టర్ నాయిస్‌ని ఆపేయండి. స్పెక్టర్‌లో ఈజ్‌నాయిసీ అనే పారామీటర్ ఉంది, నో అని పెడితే చాలు. అది మర్చిపోతే రేపు నాయిస్ సమరీలో మొదటి పేరు ఆ రెసిస్టర్‌దే. ఇక సున్నా రైజ్ టైమ్‌తో ఐడియల్ స్విచ్‌లు, వాటి జోలికి పోకపోవడమే మంచిది.

పీనాయిస్ ఫామ్‌లో స్వీప్ ఆబ్సొల్యూట్, 0.01 హెర్ట్జ్ నుంచి 10 కిలోహెర్ట్జ్, లాగ్, డెకేడ్‌కి 10 పాయింట్లు. అవుట్‌పుట్ డిఫరెన్షియల్, రెండు నోడ్‌లూ ఇవ్వాలి. నాయిస్ టైప్ టైమ్ యావరేజ్. చాపర్ తర్వాత నేరుగా ఏడీసీ శాంపుల్ తీసుకుంటే మాత్రం శాంపుల్డ్ రకం కావాలి, ఎందుకంటే అప్పుడు అక్కరకొచ్చేది ఆ ఒక్క క్షణంలోని నాయిస్, పీరియడ్ సగటు కాదు.

రిఫరెన్స్ సైడ్‌బ్యాండ్ సున్నా. మిక్సర్ ట్యుటోరియల్ చూసి 1 గానీ మైనస్ 1 గానీ పెట్టేవాళ్ళున్నారు. ఇక్కడ సిగ్నల్ బేస్‌బ్యాండ్‌లో వచ్చి బేస్‌బ్యాండ్‌లోనే బయటికి పోతుంది. 1 పెడితే ఇన్‌పుట్‌లో 20 కిలోహెర్ట్జ్ నుంచి అవుట్‌పుట్ డీసీకి ఉన్న గెయిన్‌తో భాగిస్తుంది, అది దాదాపు శూన్యం, ఇన్‌పుట్ నాయిస్ మిల్లీవోల్టుల్లోకి పేలిపోతుంది. అవుట్‌పుట్ నాయిస్ సరిగ్గా ఉండి ఇన్‌పుట్ నాయిస్ మాత్రం వింతగా ఉంటే ముందు చూడాల్సిన గడి ఇదే.

సైడ్‌బ్యాండ్‌లు ఎన్ని? మళ్ళీ కాగితం లెక్కే. 9 దాకా తీసుకుంటే థర్మల్ పవర్‌లో 4 శాతం వదిలేసినట్టు, 19 దాకా అయితే 2 శాతం, 49 దాకా అయితే 0.8 శాతం. 2 శాతం అంటే 0.09 డెసిబెల్. ఉత్త చాపర్‌కి 19 చాలు, 49 పెడితే ధీమా. షూటింగ్‌తో వెళ్తున్నప్పుడు పీఎస్‌ఎస్‌లో మ్యాక్స్ ఏసీ ఫ్రీక్వెన్సీని సైడ్‌బ్యాండ్ ఇంటూ బీట్ కన్నా తక్కువ కాకుండా ఇవ్వాలి. 49కి 1 మెగాహెర్ట్జ్. ఇవ్వకపోతే టైమ్ స్టెప్ మొరటుగా ఉండి పై సైడ్‌బ్యాండ్‌లలో చెత్త అంకెలొస్తాయి. స్విచ్డ్ కెపాసిటర్ నాచ్ ఉంటే కథ వేరు. 10 కిలోఓమ్ స్విచ్, 1 పీకోఫారడ్ అంటే బ్యాండ్‌విడ్త్ 16 మెగాహెర్ట్జ్, అక్కడిదాకా ఉన్న నాయిస్ అంతా మడతపడి కిందికి దిగుతుంది. 20 కిలోహెర్ట్జ్ లెక్కన అవే 800 సైడ్‌బ్యాండ్‌లు, తోకతో కలిపి వేలల్లో కావాలి. అలాంటప్పుడు ఫుల్ స్పెక్ట్రమ్ ఎంపిక ఉన్న వెర్షన్ అయితే అదే వాడండి. ఏదైనా సరే, సైడ్‌బ్యాండ్‌లు రెట్టింపు చేసి మళ్ళీ నడిపితే అంకె కదలకూడదు.

ఫలితం వచ్చాక గ్రాఫు 22 నానోవోల్టుల దగ్గర చదునుగా ఉందా? కాస్త ఎక్కువ, 23, 24 వస్తే కంగారు పడక్కర్లేదు. నాయిస్ సమరీ తెరిచి 1 హెర్ట్జ్ దగ్గర స్పాట్ నాయిస్ అడగండి. ఇన్‌పుట్ చాపర్ స్విచ్‌లు ఒక్కోటి 2 కిలోఓమ్‌లు అయితే ఏ క్షణంలోనైనా రెండు దారిలో ఉంటాయి, 4 కిలోఓమ్‌లకి 8.1 నానోవోల్టులు. చాపింగ్ దాన్ని తగ్గించలేదు, అది సిగ్నల్ దారిలోనే ఉంది. స్విచ్ వెడల్పు పెంచితే అది తగ్గుతుంది, చార్జ్ ఇంజెక్షన్ పెరుగుతుంది. సమరీలో పైన ఇన్‌పుట్ జత థర్మల్ ఉండాలి. దాని ఫ్లికర్ పైన ఉంటే చాపింగ్ పని చెయ్యట్లేదు, లేదా డ్యూటీ చెడింది.

పీఏసీ గెయిన్‌కీ ఒక అంకె ఉంది. యాంప్లిఫయర్ ఒక్క పోల్‌దై, టైమ్ కాన్‌స్టెంట్ 1 మైక్రోసెకన్ అయితే, ప్రతి అంచు దగ్గరా అది సర్దుకునే సమయంలో గెయిన్ పోతుంది. నష్టం 4 ఇంటూ టైమ్ కాన్‌స్టెంట్ బై పీరియడ్, అంటే 8 శాతం. 100 బదులు 92 వస్తుంది. అది చూసి గెయిన్ స్టేజ్ తిరగరాయనక్కర్లేదు.

ఒక్కసారి స్వీప్‌ని రెలెటివ్ చేసి, హార్మోనిక్ 1 ఇచ్చి చూడండి. చాపింగ్ పైకి పంపిన ఫ్లికర్ 20 కిలోహెర్ట్జ్ చుట్టూ గోపురంలా నిలబడి ఉండాలి. 10 హెర్ట్జ్ అవతల, అవుట్‌పుట్ నాయిస్‌ని డీసీ గెయిన్‌తో భాగిస్తే 285 నానోవోల్టుల దరిదాపుల్లో ఉండాలి (అవుట్‌పుట్ చాపర్ తర్వాత ఫిల్టర్ ఏదీ లేకపోతేనే). పైకి ఎత్తినది ఎక్కడికో పోదు కదా, ఇక్కడ కనబడాలి. కనబడకపోతే మోడల్ ఫైల్లో ఫ్లికర్ అసలు ఆన్‌లో ఉందో లేదో చూడండి. పనిలో పనిగా, టెంపరేచర్ డీఫాల్ట్ 27 డిగ్రీలు వదిలేయకండి. మే నెలలో గట్టు మీద మూత బిగించిన డబ్బా లోపల 60 అనుకుని ఇంకోసారి నడపండి.

పీనాయిస్ చెప్పనివి కూడా ఉన్నాయి. రిపుల్, చార్జ్ ఇంజెక్షన్ వల్ల మిగిలే ఆఫ్‌సెట్, ఇవి నాయిస్ కాదు, పీఎస్‌ఎస్ ఫలితంలో చూడాలి. సప్లై నుంచి వచ్చేది పీఎక్స్‌ఎఫ్‌లో (ఒక్కో సోర్స్ నుంచి అవుట్‌పుట్‌కి గెయిన్ చెప్పే ఎనాలిసిస్) చూడాలి. చెరువు గట్టు మీద కాటాకి కరెంటు ఏ చార్జర్ అడాప్టర్ నుంచో వస్తుంది. అది 100 కిలోహెర్ట్జ్ దగ్గర స్విచ్ అవుతుంటే, 20 కిలోహెర్ట్జ్‌కి అది సరిగ్గా అయిదో హార్మోనిక్. ఆ హార్మోనిక్ వాటా 0.127. అడాప్టర్ 100.003 మీద నడిస్తే యాంప్లిఫయర్‌లోకి దూరినదాంట్లో ఎనిమిదో వంతు 3 హెర్ట్జ్ ఊగుడుగా డిస్‌ప్లే మీదికి వస్తుంది, ఏ ఫిల్టరూ ఆపలేదు. పీఎక్స్‌ఎఫ్‌లో సప్లై సోర్స్ నుంచి అయిదో సైడ్‌బ్యాండ్ గెయిన్ చూస్తే ఇది ముందే తెలుస్తుంది. వాచ్ క్రిస్టల్ 32.768ని రెండుగా భాగించి 16.384 పెట్టుకుంటే బేసి హార్మోనిక్‌లు 81.9, 114.7 దగ్గర పడతాయి, 100కి దూరం.

ఇదే సెటప్‌ని చెరువులో పీహెచ్ కొలిచే ప్రోబ్‌కి వాడదామనుకునేవాళ్ళకి ఒక మాట. 1 పీకోఫారడ్ ఇన్‌పుట్ కెపాసిటెన్స్‌ని 20 కిలోహెర్ట్జ్‌లో చాప్ చేస్తే ఇన్‌పుట్ రెసిస్టెన్స్ 25 మెగాఓమ్‌లే. గాజు ఎలక్ట్రోడ్ రెసిస్టెన్సే వంద మెగాఓమ్‌ల ప్రాంతంలో ఉంటుంది. ముందు బఫర్ లేకుండా కుదరదు.

కేడెన్స్ లైసెన్సు లేని కాలేజీల్లో ప్రాజెక్టు చేసేవాళ్ళ సంగతి. ఉచితంగా దొరికే సిమ్యులేటర్ ఎల్‌టీస్పైస్‌లో పీనాయిస్ లేదు. కంపెనీలిచ్చే జీరో డ్రిఫ్ట్ ఆప్‌యాంప్ మోడల్స్ చాలావాటిలో స్విచ్‌లే ఉండవు, సగటు ప్రవర్తన మాత్రం రాసి ఉంటుంది, వాటితో చాపింగ్ నేర్చుకోలేరు. ఇంకో ఉచిత సిమ్యులేటర్ ఎన్‌జీస్పైస్‌లో ట్రాన్సియెంట్‌లో నాయిస్ పుట్టించే ట్రాన్‌నాయిస్ (trnoise) సోర్స్ ఉంది. ట్రాన్సియెంట్‌లో డివైస్‌ల నాయిస్ దానంతట అది రాదు కాబట్టి, ముందు మామూలు నాయిస్ ఎనాలిసిస్‌తో యాంప్లిఫయర్ ఇన్‌పుట్ నాయిస్ తెలుసుకుని, అంత ట్రాన్‌నాయిస్ సోర్స్‌ని ఇన్‌పుట్ చాపర్‌కి, యాంప్లిఫయర్‌కి మధ్య పెట్టాలి. స్టెప్ 0.5 మైక్రోసెకన్ అయితే బ్యాండ్ 1 మెగాహెర్ట్జ్, 20 నానోవోల్టుల్ని దాని వర్గమూలంతో గుణిస్తే ఆర్‌ఎంఎస్ 20 మైక్రోవోల్టులు ఇవ్వాలి. ఫ్లికర్ యాంప్లిట్యూడ్‌ని నేరుగా లెక్కగట్టడం తలనొప్పి. చాపర్ ఆపి ఒకసారి నడిపి, 5 కిలోహెర్ట్జ్ దగ్గర కార్నర్ వచ్చేదాకా సర్దుకోండి.

0.1 హెర్ట్జ్ దాకా పోనక్కర్లేదు. చాపింగ్ సరిగ్గా ఉంటే బేస్‌బ్యాండ్ చదునే కాబట్టి, 100 హెర్ట్జ్ నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య చూస్తే చాలు. 0.1 సెకన్ రికార్డు, సరిగ్గా 2000 సైకిళ్ళు. పూర్ణ సంఖ్య ఎందుకంటే రిపుల్‌లో ఒక్కో హార్మోనిక్ ఎఫ్‌ఎఫ్‌టీ తాలూకు ఒకే బిన్‌లో (ఫ్రీక్వెన్సీ గడి) పడాలి, పక్కకి కారకూడదు. మొదటి కొన్ని మిల్లీసెకన్లు పారేయండి, ఎఫ్‌ఎఫ్‌టీకి ముందు లీనియరైజ్ చెయ్యండి (పాయింట్లని సమాన టైమ్ స్టెప్‌లకి మార్చే కమాండ్), లేకపోతే అసమాన టైమ్ స్టెప్‌లు నాయిస్‌లా కనబడతాయి. 20 రికార్డుల పవర్‌ని సగటు చేస్తే ఒక్కో బిన్‌లో ఇంకా 22 శాతం ఊగుడు ఉంటుంది, పక్కపక్క బిన్‌లు కలిపితే అదీ తగ్గుతుంది. సగటు తీసేటప్పుడు వోల్టేజీని కాదు, వర్గాన్ని కూడాలి.